మా వదిన కథకి కిచెనర్ ఊ కొట్టింది

కెనడా వెళ్ళొచ్చానని తెలిసినప్పటి నుంచి ప్రొద్దుటూరులో నన్ను కలిసిన ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్న ఒకటే: "నయాగరా చూశావా?" చూడలేదు. చూడలేదంటే మొహాలు అదోలా పెడుతున్నారు. తిరుపతి దాకా వెళ్ళి కొండెక్కకుండా తిరిగొచ్చినదాన్ని చూసినట్టు చూస్తున్నారు. అందుకే ఇది రాయాల్సి వచ్చింది. నేను చూసింది నయాగరా కంటే పెద్దదని నా గట్టి నమ్మకం. చెప్తాను, మధ్యలో లేచి వెళ్ళకండి.

నాతో వచ్చింది మా వదిన నాగరత్న. మా ఆయనకు అక్క, నాకంటే పదేళ్ళు పెద్దది. ఒకప్పుడు శ్రావణమాసం వచ్చిందంటే మా వీధిలో వదిన లేకుండా పేరంటమే లేదు. వ్రతం ఎవరింట్లో అయినా కథ చెప్పాల్సింది మాత్రం వదినే. పుస్తకం ముట్టుకునేది కాదు. అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళంతా ప్రసాదం సంగతి కూడా మర్చిపోయి ఊ కొట్టేవాళ్ళు. రెండేళ్ళ కిందట అన్నయ్యగారు, అంటే వదిన భర్త, పోయారు. అప్పటి నుంచి వదిన మా ఇంట్లోనే ఉంటోంది. ఆ తర్వాతి శ్రావణంలో వదినను ఎవరూ పిలవలేదు. పేరంటానికి ముత్తైదువల్నే పిలుస్తారు కదా! నేను ఊరుకుంటానా, వీధి వీధంతటితో పోట్లాడి వచ్చాను. దానివల్ల ఒరిగిందేమీ లేదు. వదిన ఇంకాస్త ముడుచుకుపోయింది. నాతో ఒంటరిగా ఉంటే మాట్లాడుతుంది గానీ, నలుగురు చేరారంటే నోరు మెదపదు. అన్ని కథలు చెప్పిన మనిషి అలా మూగదానిలా కూర్చుంటే నాకు చూడబుద్ధయ్యేది కాదు.

కిచెనర్‌లో ఉండే మా చెల్లెలు లలిత ఒకరోజు కెనడా నుంచి ఫోన్ చేసి చెప్పింది. అక్కడ తెలుగాడవాళ్ళు శ్రావణంలో ఒక శనివారం చేరి, వ్రతకథకు బదులు ఎవరి కథ వాళ్ళే చెప్పుకుంటారట. "వదినను తీసుకొచ్చెయ్ అక్కా, మిగతాది నేను మేనేజ్ చేస్తా" అంది. నేను టికెట్లు కొనేశాను. వదినతో మాత్రం కథల మాట ఎత్తలేదు. చెట్లూ చెరువులూ చూసొద్దామన్నాను.

"చెట్లు చూడను అంత దూరం యాల మే?" అంది వదిన. అయినా వచ్చింది.

బ్రాంప్టన్‌లో ఉగ్గాని

మేం దిగేసరికి లలిత ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్ళింది, శుక్రవారానికి గానీ రాదు. అందుకని మొదటి మజిలీ బ్రాంప్టన్‌లో మౌనిక దగ్గర. మౌనిక నాతో బ్యాంకులో పనిచేసిన రాజేశ్వరి కూతురు, కరీంనగర్ పిల్ల. ఇంటికొక పిల్లో పిల్లాడో కెనడా కాలేజీకి దరఖాస్తు పెట్టుకుంటున్న రోజులవి. ఆ వరసలోనే వెళ్ళింది. వారంలో కొన్ని రోజులు కాలేజీ, మిగతా రోజులు గోడౌన్లో పెట్టెలు సర్దే పని.

ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఆరుగురు ఆడపిల్లలు. కిటికీ ఉంది గానీ సీలింగ్ దగ్గరుంది. అందులోంచి బయటవాళ్ళ కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. రెండు రోజుల్లో నేను ఆ వీధిలోవాళ్ళను చెప్పుల్ని బట్టి గుర్తుపట్టడం నేర్చుకున్నాను. "ఆంటీ, అదిగో మా ఓనర్" అని మౌనిక చూపిస్తే నాకు నీలం సాక్సులు కనబడ్డాయి. వచ్చేముందు దారిలో ఆ పెద్దమనిషి ఎదురైతే ముందు కాళ్ళకేసే చూసి నమస్కారం పెట్టాను.

పొద్దున్నే వదిన పంజాబీ కొట్లో కొన్న బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసింది. ఆ కొట్లో కరివేపాకు నాలుగు రెమ్మలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి రెండు డాలర్లకు అమ్ముతున్నారు. మన దగ్గర కూరగాయలు కొంటే ఊరికే వేసే కరివేపాకు! వదిన ఆ రెమ్మల్ని తాళింపులో వేసేటప్పుడు ఒక్కొక్క ఆకూ తుంచి, బంగారం తూచినట్టు వేసింది. వాసనకు ఆరుగురు పిల్లలూ దుప్పట్లలోంచి లేచొచ్చి పొయ్యి చుట్టూ నిలబడ్డారు. అంతే, వదిన నోరు మూతపడింది.

"అమ్మమ్మా, గిది మస్తున్నది. ఎట్ల చేసినవ్?" అనడిగింది మౌనిక.

వదిన నా చెవి దగ్గరకు వంగి, "బొరుగులు ఎక్కువసేపు నానకూడదని చెప్పు" అంది. నేను గట్టిగా చెప్పాను. "పప్పులపొడి కడాన వెయ్యాలని చెప్పు." అదీ చెప్పాను. మౌనిక వదినకు బెత్తెడు దూరంలో ఉంది. అయినా వంట విధానం మొత్తం నా మీదుగానే సాగింది. పిల్లలు నవ్వాపుకోలేక ప్లేట్లు మొహాలకు అడ్డం పెట్టుకున్నారు. నాకూ నవ్వొచ్చింది, ఆ వెంటనే బాధేసింది. శనివారం నాటికి ఈవిడ నోరు విప్పుతుందా అని గుబులు పట్టుకుంది.

సిటీ బస్సులో రైట్ రైట్

మర్నాడు మౌనిక మమ్మల్ని గుడికి తీసుకెళ్ళింది, సిటీ బస్సులో. ఈ బస్సుల్లో కిటికీల వెంట పసుపుపచ్చ తాడు ఒకటి ఉంటుంది. దిగాల్సినవాళ్ళు అది లాగితే గంట మోగుతుంది, తర్వాతి స్టాపులో బస్సు ఆగుతుంది. ఈ సంగతి నాకు తెలియదు, వదినకు అసలే తెలియదు. కానీ తాడూ గంటా మాత్రం వదినకు బాగా తెలుసు. మైదుకూరు బస్సులో కండక్టర్లు లాగే తాడది. ఒక్కసారి లాగితే ఆపమని, రెండుసార్లు లాగితే పోనిమ్మని.

బస్సు ఒక స్టాపులో ఆగింది. ఎక్కాల్సినవాళ్ళు ఎక్కారు. బస్సు కదల్లేదు. కండక్టర్ ఎక్కడా లేడు. వదిన అటూ ఇటూ చూసి, పాపం డ్రైవరు ఎవరో ఒకరు గంట కొడతారని ఎదురుచూస్తున్నాడనుకుని, తాడు రెండుసార్లు లాగింది. టింగ్ టింగ్. అదే సమయానికి బస్సు కదిలింది. వదిన తృప్తిగా నా వైపు చూసింది.

తర్వాతి స్టాపులో బస్సు ఆగింది. ఎవరూ దిగలేదు. వదిన రెండుసార్లు లాగింది. బస్సు కదిలింది. దాని తర్వాతి స్టాపులోనూ అంతే. ఈ దేశంలో డ్రైవర్లకు ఇంత భయమేమిటి, గంట లేందే కదలరు అని నేను ఆశ్చర్యపోతూ కూర్చున్నాను. మౌనిక చెవుల్లో పాటలు పెట్టుకుని కునుకు తీస్తోంది. ఇలా చాలా స్టాపులు సాగాక, తలపాగా పెట్టుకున్న సర్దార్జీ డ్రైవరు వెనక్కి తిరిగి, "ఆంటీజీ, ఉతర్‌నా హై యా నహీ?" అని, దిగుతారా దిగరా చెప్పమని చేతులు జోడించాడు. మౌనిక ఉలిక్కిపడి లేచి, సంగతి అర్థమై, తల సీటు వెనక దాచుకుంది. నేను నవ్వీ నవ్వీ కూలబడ్డాను. నలుగురి చూపులూ తన మీద పడేసరికి వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగిపోయింది. గుళ్ళో పంతులుగారు గోత్రం అడిగితే కూడా నేనే చెప్పాను.

శనివారం పొద్దున సంత

శుక్రవారం లలిత కారేసుకొచ్చింది. వదిన ఉగ్గాని మహిమో ఏమో, మౌనిక కూడా షిఫ్ట్ మార్చుకుని మాతో ఎక్కేసింది. "అమ్మమ్మ ఎటు వోతే నేనటు" అంది. కిచెనర్ చేరేదాకా రోడ్డుకు రెండువైపులా మొక్కజొన్న చేలే. మా చెల్లెలు అమెరికాలో ఎనిమిదేళ్ళు వీసాల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఇక్కడికొచ్చి పీఆర్, అంటే శాశ్వతంగా ఉండే అనుమతి, తెచ్చుకుని స్థిరపడింది. దాని కూతురు మా ప్రశ్నలన్నిటికీ ఇంగ్లీషులోనే జవాబిస్తుంది, పులిహోర మాత్రం తెలుగులో అడుగుతుంది.

శనివారం పొద్దున ఊరి బయట రైతుల సంతకు వెళ్ళాం. అక్కడ కార్ల పక్కనే గుర్రపు బళ్ళు కట్టేసి ఉన్నాయి! ఆ చుట్టుపక్కల మెనొనైట్లని ఒక క్రైస్తవ శాఖవాళ్ళు ఉంటారు. పాతకాలం బతుకే బతుకుతారు, కార్లు నడపరు. ఒకావిడ నల్లటి పొడుగు గౌను, తలకు బిగుతుగా టోపీ వేసుకుని, మెడలో గానీ చేతులకు గానీ నగలేమీ లేకుండా, సీసాల్లో పెట్టిన బీట్‌రూట్ ఊరగాయ అమ్ముతోంది. వదిన ఆమెను చాలాసేపు చూసింది.

"పాపం, ఎన్నాళ్ళయిందో ఆయన పోయి" అంది నాతో.

లలిత విని నవ్వింది. "అయ్యో వదినా, ఆయన అదిగో, బుట్టలు దింపుతున్నాడు. వీళ్ళలో అందరూ అలాగే ఉంటారు. పెళ్ళయినా, కాకపోయినా, పోయినా అదే డ్రెస్సు."

"అయితే ఈడ ఎవురు ముత్తైదువో ఎవురు కాదో చూసి చెప్పలేమా?"

"చెప్పలేం."

వదిన మళ్ళీ ఆమెకేసి చూసింది. ఆమె ఒక బీట్‌రూట్ ముక్క పుల్లకు గుచ్చి వదినకు ఇచ్చింది. వదిన తిని మొహం చిట్లించి, చేత్తో ఉప్పు చల్లినట్టు, కారం చల్లినట్టు చూపించి తల ఊపింది. ఆమెకు ఏమర్థమైందో గానీ పకపకా నవ్వి ఇంకో ముక్క ఇచ్చింది. ఊరగాయలో పంచదార వేసే దేశం ఇది. తియ్యటి ఊరగాయను మా మౌనిక ఒక సీసా కొనుక్కుంది. కారు దాకా నడుస్తూ వదిన రెండుసార్లు వెనక్కి తిరిగి ఆ టోపీ ఆవిడనే చూసింది.

శనివారం సాయంత్రం ఇందిర ఇంట్లో

కథల పేరంటం ఇందిర అనే ఆవిడ ఇంట్లో. భీమవరం వైపు మనిషి, ఇక్కడ ఆస్పత్రిలో నర్సు. శ్రావణ శుక్రవారం ఎవరికీ సెలవు దొరకదు గనక ఇక్కడ శుక్రవారం శనివారం వస్తుంది. పద్ధతి ఎలా మొదలైందో ఇందిరే చెప్పింది. కొన్నేళ్ళ కిందట పూజ అంతా అయి, కథ చదువుదామంటే ఫోన్లో పుస్తకం తెరుచుకోలేదట. కథ వినకుండా ప్రసాదం తినకూడదు. పులిహోర చూస్తే చల్లారిపోతోంది. "ఎవరో ఒకరు ఏదో ఒక కథ చెప్పండర్రా, ఆకలేస్తోంది" అన్నారట ఎవరో. ఇందిర తన కథే చెప్పిందట, ఈ దేశానికి వచ్చిన కొత్తలో పోగొట్టుకున్న బిడ్డ కథ. అంతవరకూ ఎవరికీ చెప్పనిది. చేతుల్లో అక్షింతలున్నాయి కాబట్టి మధ్యలో లేవడానికి లేదు, ఫోను తీయడానికి లేదు, వినాల్సిందే. అయ్యాక ఆ అక్షింతలు తమ నెత్తిన కాకుండా ఇందిర నెత్తిన వేశారట. "దేవుడు ఆ రోజు విన్నట్టనిపించిందండీ నాకు" అంది ఇందిర. అప్పటి నుంచీ అదే పద్ధతి.

ఈ మాటలు చెప్తున్నంతసేపూ నేను వదిన మొహమే చూస్తున్నాను. ఆవిడకు సంగతి అర్థమైపోయింది. "నేను వంటింట్లో ఉంటా" అని లేచి వెళ్ళిపోయింది. ఇంత దూరం తీసుకొచ్చింది ఇక్కడ గారెలు వేయించడానికా!

కానీ ఈ దేశంలో వంటింటికి గోడ ఉండదు. హాలూ వంటిల్లూ ఒక్కటే. మధ్యలో ఒక రాతి గట్టు, అంతే. వదిన దాక్కున్నాననుకుంది గానీ మాకందరికీ నడుము పైభాగం కనబడుతూనే ఉంది.

పది పన్నెండు మంది ఆడవాళ్ళు కింద తివాచీ మీద కూర్చున్నాం. ఒక్క బామ్మ మాత్రం పడక కుర్చీలో. ఆవిడ ఇందిర తల్లి, తొంభైకి దగ్గరపడింది, చెవికి మిషన్ ఉంది. మిషన్ పనిచేసినా చేయకపోయినా తనకు తోచినప్పుడల్లా "ఊ" అంటుంది. మొదట ఒకమ్మాయి చెప్పింది. రోజూ ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, గ్యారేజీలో కారు ఆపేసి, దిగకుండా అరగంట ఊరికే కూర్చుంటుందట. ఇంట్లో భర్తా పిల్లలూ అత్తగారూ అందరూ మంచివాళ్ళే, అయినా ఆ అరగంట లేకపోతే బతకలేనంది, దొంగతనం ఒప్పుకున్నట్టు తల దించుకుని. ఇంకొకావిడ "నేనూ" అంది. "నేనూ." "నేను వర్షం పడితే గంట కూర్చుంటా." మా చెల్లెలు కూడా చెయ్యెత్తింది! నవ్వులతో ఇల్లెగిరిపోయింది. అందరం ఆ అమ్మాయి నెత్తిన అక్షింతలు వేశాం.

తర్వాత మౌనిక. "నేనొచ్చిన కొత్తల ఎవ్వల్తోటి మాట్లాడలే ఆంటీ. అమ్మ ఫోన్ చేస్తే మస్తున్న, దోస్తులున్నరు అని చెప్పేదాన్ని. ఒకదినం సూపర్‌మార్కెట్ల నేనే స్కాన్ చేసుకునే మిషన్ కాడ బిల్లు కట్టిన. ఆ మిషన్ థాంక్యూ అన్నది. పర్వాలేదండి అన్న నేను. గట్టిగనే అన్న. అప్పుడు యాదికొచ్చింది, గా వారంల నాతోటి మంచిగ మాట్లాడింది గా మిషనొక్కటే అని. ఇగ ఆడ్నే..."

ఆగిపోయింది. మేమంతా ఏం చేయాలో తెలియక గుప్పిట్లు బిగించుకుని కూర్చున్నాం. బామ్మ కూడా ఊ అనలేదు. నూనెలో గారెలు చిటపటమంటున్నాయి.

"ఊ," అని వినబడింది వంటింట్లోంచి.

తల తిప్పి చూశాను. వదిన చిల్లుల గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"ఊ. ఆ తర్వాతేమైందిమ్మా? కథ నడిమధ్యన ఆపగూడదు. చెప్పు."

మౌనిక ముక్కు తుడుచుకుని చెప్పింది. మిషన్ ముందు నిలబడి ఏడ్చిందట, వెనక వరసలో ఉన్న ఒక ముసలి తెల్లావిడ ఏమీ అడగకుండా ఆమె సంచి పట్టుకుని నిలబడిందట, ఏడుపు అయ్యేదాకా. ప్రతి వాక్యానికీ వదిన ఊ కొట్టింది. కొడుతూ కొడుతూ గట్టు దాటి వచ్చింది. కథ అయ్యేసరికి తివాచీ అంచున కూర్చుని ఉంది. మొదటి అక్షింతలు తనే వేసింది. గారెలు మాడిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు.

"మరి మీరు చెప్పండి అమ్మమ్మగారూ" అంది గ్యారేజీ అమ్మాయి.

మాట్లాడొద్దని నా నోరు నేనే నొక్కుకున్నాను. వదిన తివాచీ పీచు ఒకటి లాగింది. తర్వాత వీపు నిటారుగా పెట్టింది. అది నాకు తెలిసిన వీపు. కథ మొదలుపెట్టేటప్పుడు అలాగే కూర్చునేది.

"అనగనగా పొద్దుటూరు. ఆ ఊర్లో ఒక ఆడది. చదువు ఐదో తరగతి. రూపు అంతంత మాత్రం. ఆ యమ్మకు ఒకటే వచ్చు, కథ చెప్పేది."

"ఊ," అన్నాం అందరం.

"మొగుడు పోయినాడు. మంచోడు. ఏడ్చింది. ఊరంతా వచ్చి ఊరడించినారు. ఆపైన శ్రావణమొచ్చింది. పక్కింట్లో పేరంటం. గోడకు ఈపక్క ఆ యమ్మ కూర్చోనుంది. ఆపక్క ఎవురో కథ చదువుతాండారు. చదువుతాండారో మింగుతాండారో తెలీదు. సగం కథ ఎగరగొట్టినారు. వరమిచ్చేది ముందొచ్చింది, కష్టం తర్వాతొచ్చింది. ఈ యమ్మ కొంగు నోట్లో కుక్కుకోనుంది. ఏడుపు ఆపుకోను కాదమ్మా. తప్పుమే, తప్పు చదువుతాండావ్ అని గోడ మీంచి అరవకుండా ఆపుకోను!"

ఇందిర పడీపడీ నవ్వింది. మౌనిక నా భుజం మీద వాలిపోయి నవ్వింది. వదిన నవ్వలేదు. నవ్వులు తగ్గేదాకా ఆగింది, ఎప్పుడు ఆగాలో ఆవిడకు తెలుసు.

"మొగుడు పోయినాడని ఏడిస్తే పక్కన కూర్చునేవాళ్ళు పదిమంది వచ్చినారు. నా కథ పోయిందే అని ఏడవను ఎవురి దగ్గర కూర్చోవల్ల? ఎవురికి చెప్పవల్ల? అదీ కథ."

నీళ్ళు నిండి నాకు కళ్ళు కనబడలేదు. రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఆవిడ దేనికి ఏడుస్తోందో నాకు ఆ రోజే తెలిసింది.

అప్పుడొచ్చింది చిక్కు. అక్షింతలు వేయాలి. వేయడమెలా? పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ నెత్తిన వేస్తారు గానీ, చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ నెత్తిన వేయకూడదు కదా. తివాచీ మీద కూర్చున్నవాళ్ళలో వదిన కంటే పెద్దవాళ్ళెవరూ లేరు. అందరం గుప్పిట్లు పట్టుకుని ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. వదిన తిరిగి లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుందేమోనని నా భయం. ఇందిరకు చటుక్కున గుర్తొచ్చి బామ్మ చెవిలో అరిచింది: "అమ్మా! నువ్వే పెద్దదానివి! వెయ్యి!"

వదిన వెళ్ళి పడక కుర్చీ ముందు వంగి కాళ్ళకు దండం పెట్టింది. బామ్మ అక్షింతలు చల్లి, గొంతెత్తి, "దీర్ఘసుమంగళీభవ!" అంది.

ఇందిర తల కొట్టుకుంది. మా చెల్లెలు "అయ్యో" అంది. అయిపోయింది, ఇక ఈ జన్మలో వదిన నోరు విప్పదనుకున్నాను.

వదిన మెల్లగా తలెత్తింది. "ఇంగ యాడ తెచ్చేది బామ్మా, ఈ వయసులో!" అని ఫక్కున నవ్వేసింది. ఆపుకోలేక, బొంగురుగా, బొట్లు బొట్లుగా కళ్ళ నీళ్ళు కారుతుంటే నవ్వింది. ఇక మేం ఆగుతామా! తివాచీ మీద దొర్లి నవ్వాం. ఇందిర నవ్వుతూనే తల్లి చెవిలో సంగతి చెప్పింది. బామ్మ మొహం చిన్నబోయింది. ఆవిడే వదిన చెయ్యి పట్టుకుని అంది:

"నాకు ఆడదాన్ని దీవించడం ఇదొక్కటేనమ్మా వచ్చింది. మాకింకోటి ఎవరు నేర్పారు?"

వదిన కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నేను నేర్పిస్తా బామ్మా. నోరారా కథలు చెప్పుకో తల్లీ, అను."

బామ్మ ఆ మాటలు పెదాల మీదే ఒకసారి అనుకుని చూసుకుంది. గుప్పిట్లో మిగిలిన అక్షింతలన్నీ వదిన నెత్తిన పోసేసి, ఇల్లంతా వినబడేలా, "నోరారా కథలు చెప్పుకో తల్లీ!" అంది.

వదిన లేవలేదు. తల వంచుకునే, "ఇంగోసారి అను బామ్మా," అంది.